తీసేసిన రెండు పేజీలు

ఎం.ఏ. మొదటి సంవత్సరంలో నేను రాసిన సెమినార్ పేపరు ఒకటి ఇంకా నా దగ్గరుంది. తొమ్మిది పేజీలు. రాసింది మాత్రం పదకొండు. మధ్యలో రెండు పేజీలు నా చేత్తో నేనే తీసేశాను. మిగిలిన తొమ్మిదికీ ఇరవై అయిదుకి ఇరవై ఒక్క మార్కులొచ్చాయి. మా క్లాసులో అవే ఎక్కువ. ఆ సంగతి మా అయ్యకి కార్డు రాశాను. మా పల్లెలో ఆ కార్డు నలుగురు చదివించుకున్నారంట. తీసేసిన రెండు పేజీల సంగతి మాత్రం కార్డులో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సాహిత్య విమర్శ రాయమంటే హాస్టలు గోల రాశాడేంటి అంటారు కొందరు. అననీయండి. కావ్యాన్ని ఎవరో ఒకరు చదవాలి గదా. ఆ చదివేవాడు ఎక్కణ్ణించి వచ్చాడు, ఏ గదిలో కూచుని చదివాడు, ఆ పూట ఏం తిన్నాడు అన్నవి లెక్కలోకి తీసుకోకుండానే మన విమర్శ చాలాకాలం నడిచింది. ఎందుకంటే రాసినవాళ్లకి అవి లెక్కలోకి రాలేదు. కడుపు నిండినవాడికి కడుపు గుర్తుండదు. నాకు ఆ కావ్యం చదివినన్ని రోజులూ కడుపు గుర్తుంది. దాన్ని పక్కనబెట్టి రాస్తే అబద్ధం రాసినట్టే.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా తాత లంద కాడ బతికినోడు. తంగేడు చెక్క, సున్నం, నానిన తోలు, ఈ మూడు వాసనలూ ఆయన ఒంటికి పట్టిపొయ్యి ఉండేవి. మా అయ్య ఆ పని వొదిలేసి పొగాకు బ్యారన్ల కాడ కూలికి పొయ్యాడు. 1985 జూలైలో కారంచేడు జరిగినప్పుడు నేను ఎనిమిదో తరగతి. చెరువులో నీళ్ల కాడ మొదలైన మాట ఆరుగురు మాదిగల్ని చంపేదాకా పోయింది. ఆ రాత్రి మా పల్లెలో ఎవరూ దీపం పెట్టలేదు. 'నువ్వు మాత్రం చదువుకో' అంది మాయమ్మ. ఎందుకో చెప్పలేదు. 1991 ఆగస్టులో చుండూరు జరిగేనాటికి నేను బి.ఏ.లో ఉన్నాను. అప్పుడు మాయమ్మ ఎందుకో చెప్పాల్సిన పని లేకపోయింది.

1993లో ఎం.ఏ. తెలుగులో చేరాను. ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అవసరం లేదు. ఆ రోజుల్లో ఎక్కడ చదివినవాళ్లయినా ఇది మాదే అనుకుంటారు. తెలుగే ఎందుకంటే, ఇంగ్లీషు భయం లేని చదువు అదొక్కటే అనుకున్నాను. తెలుగంటే మనం మాట్లాడేదే గదా, అందులో మనల్ని ఎవరు ఫెయిల్ చేస్తారు అనుకున్నాను. అది ఎంత అమాయకత్వమో మొదటి ఇంటర్నల్ పరీక్షలోనే తెలిసొచ్చింది.

హాస్టల్లో మేం ముగ్గురం ఒక గది. రెండు మంచాలు, ఒక చాప. చాప మీద పడుకునేవాడు ఎకనామిక్స్. వాడిది మా జిల్లాయే, చీమకుర్తి వైపు. పేరు రాయను. వాడికి ఇష్టముంటదో లేదో.

మాకు స్కాలర్‌షిప్ ఉంది. ఉంది అంటే కాయితం మీద. జూలైలో చేరితే డబ్బు ఫిబ్రవరికో మార్చికో వచ్చేది. మెస్ బిల్లు మాత్రం నెలనెలా తప్పకుండా వచ్చేది. నెల ఖర్చంతా తిన్నవాళ్ల లెక్కన భాగించి నోటీసు బోర్డు మీద పెట్టేవాళ్లు. దాని పక్కనే బాకీలు కట్టనివాళ్ల లిస్టు. రెండు నెలలు దాటితే పేరు కింద ఎర్రగీత. మూడో నెల 'మెస్ కట్'. కట్ అయినవాడు ఇంకొకడి కంచంలో సగం తినాలి, లేదా ఊళ్లో అరటిపండ్ల బండి కాడ సర్దుకోవాలి. ఆ బోర్డు చదివినంత శ్రద్ధగా నేను ఏ కావ్యమూ చదవలేదు. నా మొదటి పాఠ్యగ్రంథం అదేనని ఇప్పుడనిపిస్తుంది.

ఎస్సీ పిల్లలకి ఈ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. అప్పటికి అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడు. ఆయన కూడా 1913లో బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్ మీదే అమెరికాలో కొలంబియాకి చదువుకోవటానికి వెళ్లాడు. 1917లో దాని గడువు తీరిపోతే లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. మళ్లీ 1920లో గానీ పోలేకపోయాడు. ఈ సంగతి చదివిన రోజు మా గదిలో ముగ్గురం ఒకటే నవ్వు. 'అయితే మనం సరైన దారిలోనే పోతన్నాంరా' అన్నాడు ఎకనామిక్స్ వాడు. అప్పటికి వాడి పేరు కింద ఎర్రగీత పడి వారం.

పొద్దున పదింటికి క్లాసు. డెబ్బై అయిదు శాతం హాజరు ఉండాలి. ఉండకపోతే పరీక్షకి కూచోనివ్వరు. మధ్యాన్నం లైబ్రరీ. మాకు కావలసిన పుస్తకాలు ఎక్కువ రిఫరెన్సు సెక్షన్లో ఉండేవి. ఇంటికివ్వరు. జిరాక్సుకి డబ్బుల్లేవు. వ్యాఖ్యానాలన్నీ చేత్తో ఎత్తి రాసుకునేవాణ్ణి. నా పక్కన కూచునే అబ్బాయి ఇంట్లో వాళ్ల తాత కాలంనాటి పుస్తకాలు బీరువా నిండా ఉన్నాయి. వాళ్లకి పద్యం అన్నం తిన్నంత తేలిగ్గా వచ్చేది. చిన్నప్పణ్ణించీ వింటున్నారు గదా. మంచోడే. అడిగితే పుస్తకం ఇచ్చేవాడు. అడగటమే నాకు కష్టం.

చిన్నయసూరి బాలవ్యాకరణం మాకు ఒక పేపరు. పేరులో బాల ఉంది గానీ దాన్ని చదివిన బాలుణ్ణి ఒక్కణ్ణీ నేను చూడలేదు. మొదట్లోనే ఆయన తెలుగు మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని నాలుగు కుప్పలు పోస్తాడు. లక్షణానికి ఒప్పని మాట గ్రామ్యం. మొదటి ఇంటర్నల్ పేపరు వెనక్కిచ్చినప్పుడు నా జవాబుల్లో చాలా మాటల కింద గీతలున్నాయి. పక్కన 'గ్రామ్యం' అని రాసి ఉంది. ఆ మాటలన్నీ ఒకచోట రాసుకుని చూశాను. 'పోద్ది', 'వొచ్చుద్ది', 'కాడ', 'మల్లే'. అన్నీ మాయమ్మ మాటలు. అయిదు మార్కులు మాయమ్మ వల్ల పోయినాయి. ఇంకో సంగతి కూడా అప్పుడే తోచింది. గ్రామ్యం అంటే గ్రామానిది. మేం గ్రామంలో ఎప్పుడున్నాం? గ్రామం అవతల, వాగు పక్కన పల్లెలో ఉన్నాం. సూరిగారి లెక్కలో మా మాట నాలుగో కుప్పలో కూడా పడదు. దానికి పేరు పెట్టలేదు.

గిడుగు రామమూర్తి వాడుకభాష కోసం చేసిన పోరాటం ఇంకో పేపర్లో చదివాం. సవరల భాషకి వ్యాకరణం, నిఘంటువు చేసిపెట్టిన మనిషి ఆయన. ఆయన్ని నేను తప్పుపట్టను. అయితే ఆయన ఉద్యమం చివరికి పుస్తకాల్లోకి ఎక్కించింది శిష్టవ్యావహారికాన్ని. శిష్టులు అంటే ఎవరు? ఎవరి వాడుక వాడుక? ఈ ప్రశ్న క్లాసులో అడగాలని మూడుసార్లు చెయ్యెత్తబోయి దించేసుకున్నాను. అడగటానికి కూడా వాళ్ల భాషే కావాలి. అది అప్పటికి నాకు పూర్తిగా రాలేదు. వచ్చేనాటికి ప్రశ్న మొద్దుబారింది.

అలంకారశాస్త్రం పేపర్లో సహృదయుడు అని ఒకడుంటాడు. ఆనందవర్ధనుడు, అభినవగుప్తుడు చెప్పిన పాఠకుడు. కావ్యాలు చదివి చదివి అద్దంలా తుడుచుకున్న మనసు గలవాడు. సొంత సుఖదుఃఖాలు అడ్డు రాకుండా రసం అనుభవించగలవాడు. సారు ఈ పాఠం చాలా బాగా చెప్పేవారు. నేను రాసుకుంటా రాసుకుంటా నాలో నేను అనుకునేవాణ్ణి, ఇవాళ మెస్‌లో నా పేరు ఉంటదా కొట్టేస్తారా అని. సొంత దుఃఖం అడ్డు రాకూడదు అన్న షరతు మీద నేను ఎప్పటికీ సహృదయుణ్ణి కాలేను. అప్పుడు అది నా లోపం అనుకున్నాను. ఇప్పుడు ఆ షరతులోనే లోపం ఉందంటున్నాను.

1994 జనవరిలో సెమినార్లు పంచారు. పాఠ్యభాగం ఆముక్తమాల్యద. శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆరాశ్వాసాల ప్రబంధం. ఒకరికి ఋతువర్ణనలు, ఒకరికి రాజనీతి, ఒకరికి గోదాదేవి విరహం. నా వంతు వచ్చేసరికి సారు నవ్వుతా అన్నారు:

'నువ్వు మాలదాసరి కథ తీసుకోవోయ్. నీకైతే బాగా నప్పుతుంది. మీవాడేగా.'

క్లాసు కూడా నవ్వింది. సారు చెడ్డ మనిషి కాదు. ఫీజు కట్టటానికి ఒకసారి జేబులోంచి యాభై రూపాయలు తీసిచ్చారు. తిరిగిస్తే తీసుకోలేదు. ఆ మాట కూడా ప్రేమగానే అన్నారు. కానీ నేను మాదిగోణ్ణి. కథలో దాసరి మాలవాడు. మా పల్లెకీ మాలపల్లెకీ మధ్య రెండు బాయిలు, రెండు చర్చిలు, బోలెడు మనస్పర్థలు ఉన్నాయి. సారుకి ఊరి బయట ఉన్నదంతా ఒకటే. ఆ తర్వాత ఆరు నెలలకి, 1994 జూలైలో, మా జిల్లాలోనే ఈదుమూడిలో దండోరా మొదలై ఆ తేడా గురించి రాష్ట్రమంతా మాట్లాడుకోవాల్సి వచ్చింది. ఆ రోజు మాత్రం నేను 'సరే సార్' అన్నాను.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. కురుంగుడి గుడికి రోజూ తెల్లారుజామున వచ్చి, దూరాన నిలబడి, మంగళకైశికి రాగంలో దేవుణ్ణి పాడి పోయే ఒక మాలదాసరి ఉన్నాడు. ఒక రాత్రి తెల్లారిందనుకుని ముందే బయల్దేరి దారి తప్పుతాడు. పెద్ద మర్రి కింద బ్రహ్మరాక్షసుడు పట్టుకుంటాడు. పెనుగులాడినా లాభం లేకపోయింది. అప్పుడు దాసరి, నన్ను తిను, వొద్దనను, ఒక్కసారి పొయ్యి దేవుణ్ణి పాడొస్తాను, వచ్చాక తిను అంటాడు. రాక్షసుడు నమ్మడు. దాసరి ఒట్టు పెట్టుకుని విడిపించుకుని, పొయ్యి పాడి, అన్నమాట ప్రకారం తిరిగొస్తాడు. రాక్షసుడు ఆశ్చర్యపోయి, నిన్ను తినను, నీ పాట ఫలం నాకు ధారపొయ్యి అని కాళ్లావేళ్లా పడతాడు. వెనకటి జన్మలో వాడు సోమశర్మ అనే బ్రాహ్మణుడు. దాసరి పాట ఫలంతో వాడికి ఆ రాక్షస రూపం పోతుంది.

దీన్ని గురించి నేను రాసిన తొమ్మిది పేజీల్లో ఏముందో అందరికీ తెలిసిందే. భక్తికి కులం లేదు. దాసరి సత్యసంధత హరిశ్చంద్రుడికి తీసిపోదు. దాసరి వేషాన్ని వర్ణించిన పద్యం స్వభావోక్తికి పెట్టింది పేరు. పదహారో శతాబ్దంలో ఒక చక్రవర్తి ఒక అంటరానివాణ్ణి బ్రాహ్మణజన్మ ఎత్తినవాడి కంటే పైన నిలబెట్టాడు. ఇవన్నీ నిజాలే. ఆ చివరి మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. రాయలు ఆ పని చేశాడు, అది చిన్న పనేం కాదు.

తీసేసిన రెండు పేజీల్లో మూడు సంగతులున్నాయి.

మొదటిది తోలు. దాసరి వేషంలో తోలు ఉంది. ఇత్తడి శంఖచక్రాలు, చిటితాళాలు, వాటితోపాటు తోలు. వ్యాఖ్యాతలందరూ కవి చూపు ఎంత సూక్ష్మమో అని మెచ్చుకున్నారు. నాకు ఆ తోలు కనపడగానే మా తాత చేతులు కనపడ్డాయి. తోలు దానంతటది కుబుసం కాదు. సున్నంలో నానబెట్టాలి, బొచ్చు గీకాలి, తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టాలి. లంద కాడ నిలబడ్డవాడి చేతులు పగిలి కందిపోతాయి. కవి తోలు దాకా వచ్చి ఆగాడు. లంద దాకా రాలేదు. ఆ కావ్యంలో తోలు ఉంది, తోలు చేసినవాడు లేడు. స్వభావోక్తి అంటే ఉన్నదున్నట్టు చెప్పటం అంటారు. ఎంత ఉన్నది చెప్పాలి? నిలబడ్డచోటునించి కనపడేంత ఉన్నదే గదా. కవి నిలబడ్డచోటు ఏదో కూడా ఆ పద్యమే చెబుతుంది.

రెండోది ఒట్టు. దాసరి సత్యసంధుడని అందరూ అన్నారు. ఒట్టు ఎందుకు పెట్టుకోవాల్సి వచ్చిందో ఎవరూ అడగలేదు. వాడు రోజూ తెల్లారుజామున మంచనక ఎండనక నడిచి గుడి బయట నిలబడి పాడేవాడు. అంత నిష్ఠ ఉన్నవాడి మాట కూడా ఉత్త మాటగా చెల్లలేదు. ఒట్టు పెడితే గానీ నమ్మలేదు. మాటకి విలువ ఉన్నవాడు ఒట్టు పెట్టుకోడు, వాడు చెబితే చాలు. స్కాలర్‌షిప్ సెక్షన్ కాడ నేను ఎన్నిసార్లు ఒట్టు పెట్టుకున్నానో. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్, గెజిటెడ్ ఆఫీసరు సంతకం, కిందటేడు ఇచ్చిందే మళ్లీ ఈ ఏడు. మా అయ్య కూలి అని మా అయ్య చెబితే చాలదు. నేను మాదిగోణ్ణి అని నేను చెబితే చాలదు. ఊళ్లో అందరికీ పుట్టకముందే తెలిసిన సంగతి ఆఫీసులో మాత్రం ఏటా రుజువు చేసుకోవాలి. దాసరి తిరిగొచ్చినప్పుడు రాక్షసుడు ఆశ్చర్యపోతాడు. ఆ ఆశ్చర్యం నాకు అవమానంగా తోచింది. వాడు తిరిగిరాడని ఎందుకు అనుకున్నావు?

మూడోది ఫలం. పాట దాసరిది. నడక దాసరిది. ప్రాణభయం దాసరిది. ఫలం సోమశర్మది. అడిగినవాడు వెనకటి జన్మలో ఎవరో తెలియటం కథకి చాలా అవసరం. పోయిన పెద్దరికం తిరిగి రావాలంటే కింద ఉన్నవాడి కష్టం కావాలి. దాసరి ఉదారంగా ఇచ్చాడు, గొప్పోడు. ఇచ్చాక మర్నాడు పొద్దున వాడు ఎక్కడ నిలబడి పాడాడు? కవి ఆ మర్నాటి పొద్దు రాయలేదు. నాకు ఆ పొద్దే కావాలి.

ఇవీ ఆ రెండు పేజీలు. ఒక ఆదివారం రాత్రి పేపరంతా గదిలో చదివి వినిపించాను. చాప మీద వాడు లేచి కూచుని విన్నాడు. ఆ పూట నా కంచంలో సగం తిన్నవాడు వాడు. అయిపొయ్యాక కొంచెంసేపు ఏం మాట్లాడలేదు.

'ఆ మధ్య రెండు పేజీలేరా నీయి. మిగతాది లైబ్రరీది' అన్నాడు.

మర్నాడు సారుకి చూపించాను. నిలబెట్టే మొత్తం చదివారు. కళ్లద్దాలు తీసి, 'భాష బాగుపడిందోయ్' అన్నారు. తర్వాత ఆ రెండు పేజీల మీద వేలు పెట్టి, 'ఇది మాత్రం సాహిత్యం కాదు, సాంఘికశాస్త్రం. ఇవి తీసేస్తే మంచి పేపరు. ఉంచుతానంటే నీ ఇష్టం, సెమినార్లో మిగతావాళ్లు ఊరుకోరు, మార్కుల సంగతి నేనేం చెప్పలేను' అన్నారు. బెదిరింపుగా అనలేదు. ఇంటి పిల్లవాడికి చెప్పినట్టు చెప్పారు. అదే నన్ను ఓడించింది. కోపంగా అన్నట్టయితే ఉంచేవాణ్ణేమో.

గదికొచ్చి లెక్క వేసుకున్నాను. ఫస్ట్ క్లాసు రావాలి. వస్తే ఎం.ఫిల్. సీటు. సీటొస్తే ఇంకో రెండేళ్లు హాస్టలు. అంటే ఇంకో రెండేళ్లు అన్నం. రెండు పేజీలకి రెండేళ్ల అన్నం. చించలేదు, జాగర్తగా పిన్ను తీసి, ఆ రెండూ తప్పించి, పేజీ నంబర్లు దిద్ది మళ్లీ పిన్ను పెట్టాను. దాసరి పాట ఫలం ధారపోశాడని రాసిన చేత్తోనే ఆ పని చేశాను. ఆ పోలిక నాకు అప్పుడు తట్టలేదు.

సెమినారుకి ముందు శుక్రవారం చాప మీద వాడు ఊరికి పొయ్యాడు. మెస్ బాకీ కట్టందే పరీక్ష హాల్ టికెట్టు ఇవ్వమన్నారు. 'డబ్బులు చూసుకుని సోమారానికి వొచ్చేస్తా, పెట్టె ఇక్కడే ఉంచుతున్నా' అన్నాడు. పోయేటప్పుడు గుమ్మం కాడ ఆగి, 'ఆ రెండు పేజీలు గట్టిగా చదువు, నత్తి పెట్టమాక' అన్నాడు. తల ఊపాను. అప్పటికే తీసేశాను. చెప్పలేదు.

వాడు సోమవారం రాలేదు. ఆ నెలా రాలేదు. మార్చిలో స్కాలర్‌షిప్ వచ్చింది. వాడిది కూడా వచ్చింది. అప్పటికి పరీక్ష ఫీజు గడువు దాటిపోయింది. సంవత్సరం చివర వాడి పెట్టె వాళ్ల ఊరివాళ్లెవరో వస్తే ఇచ్చి పంపాను. పెట్టెలో బరువు పెద్దగా లేదు. కథలో దాసరి తిరిగొచ్చాడు. మావాడు రాలేదు. మాట తప్పినవాడు మావాడు కాదు.

రెండో సంవత్సరంలో ఆధునిక కవిత్వం పేపర్లో జాషువా గబ్బిలం చదివాను. 1941 నాటి కావ్యం. కాళిదాసు మేఘసందేశం వరసలో రాశాడని క్లాసులో చెప్పారు. నిజమే గానీ తేడా చూడండి. కాళిదాసు యక్షుడు చేసిన తప్పుకి ఒక ఏడాది వెలి. ఏడాది అయిపోతే ఇంటికి పోతాడు. జాషువా నాయకుడు అరుంధతీసుతుడు, తోలు పని చేసేవాడు, మావాడు. వాడు చేసిన తప్పేం లేదు, వాడి వెలికి గడువూ లేదు. మేఘం వాడికి దొరకదు. గబ్బిలమే దొరికింది. ఎందుకంటే గుడిలోకి అడ్డం లేకుండా పోగలిగేది అదే. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో తన కథ చెప్పమని దాన్ని బతిమాలుకుంటాడు.

అప్పుడు నాకు నా రెండు పేజీలు గుర్తొచ్చాయి. రాయలకీ జాషువాకీ మధ్య నాలుగు వందల ఏళ్లు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా పాడేవాడు గుడి బయటే నిలబడి ఉన్నాడు. మారింది ఒక్కటే. దాసరి దేవుణ్ణి గురించి పాడాడు, ఆ పాట ఫలం ఇంకొకడికి పోయింది. అరుంధతీసుతుడు తన గురించే చెప్పుకున్నాడు. ఆ ఫలాన్ని ఎవడూ ధారపోయించుకోలేడు. రాయలు రాయని మర్నాటి పొద్దు జాషువా రాశాడు. ఈ రెండు కావ్యాల్నీ మాకు రెండు వేర్వేరు పేపర్లలో, రెండు వేర్వేరు సంవత్సరాల్లో పెట్టారు. ఒకటి ప్రాచీనం, ఒకటి ఆధునికం. పక్కపక్కన పెట్టి చదివితే వచ్చే ప్రశ్న ఆ రెండు పేపర్ల మధ్య సందులో పడిపోయింది. సిలబస్ అంటే ఏం చదవాలో చెప్పే జాబితా మాత్రమే కాదు. దేన్ని దేని పక్కన పెట్టకూడదో కూడా అదే చెబుతుంది.

1995లో చిక్కనవుతున్న పాట వచ్చింది. మా హాస్టల్లో ఒక్క ప్రతి చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. అందులో మా అమ్మ మాటలు అచ్చులో చూశాను. వాటి కింద గీతల్లేవు. ఆ రాత్రి నా పాత పేపరు తీసి రెండు పేజీలు మళ్లీ మధ్యలో పెట్టాలనుకున్నాను. పెట్టలేదు. మార్కుల పేపరుని దిద్దితే ఏమొస్తది? ఆ రెండు పేజీలు తర్వాత గదులు మారటంలో ఎక్కడో పోయాయి. పైన రాసింది గుర్తున్నంతవరకు రాశాను.

చీమకుర్తి గ్రానైట్ క్వారీ కాడ వాణ్ణి మళ్లీ చూసింది 2003లో. క్వారీలో లెక్కలు రాస్తున్నాడు. టీ తాగించాడు. నేను డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతున్నానంటే చాలా సంతోషించాడు. 'మనలో ఒకడన్నా ఒడ్డెక్కాడు' అన్నాడు. లేవబోతుంటే అడిగాడు, 'ఒరే, ఆ రోజు ఆ రెండు పేజీలు చదివావా? క్లాసు ఏమంది?'

'చదివా. ఎవరూ ఏం మాట్లాడలేదు' అన్నాను.

వాడు తొడ మీద చరుచుకుని నవ్వాడు. దుమ్ముపట్టిన ఆ ముఖంలో ఆ నవ్వు చూస్తా నిజం చెప్పలేకపోయాను.

2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. హాస్టల్లోంచి గెంటేసిన అయిదుగురిలో ఒకడు. తనకి ఏడు నెలల ఫెలోషిప్ రావలసి ఉందని చివరి ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం గురించి దేశమంతా మాట్లాడింది. నాకు మాత్రం ఆ ఏడు నెలల లెక్క దగ్గర చూపు ఆగిపోయింది. నక్షత్రాల గురించి రాసిన పిల్లవాడు అదే కాయితం మీద బాకీ లెక్క కూడా రాయాల్సి వచ్చింది. ఆ రెండిట్నీ వేరు చేసి మొదటిది సాహిత్యం, రెండోది సాంఘికశాస్త్రం అనేవాడితో నాకిప్పుడు మాటల్లేవు.

అంతమాట అన్నాక నా సంగతి కూడా చెప్పాలి. ఆ మధ్య మా కాలేజీలో ఒక అమ్మాయి ప్రాజెక్టు రాసుకొచ్చింది. పొలం పాటల మీద. నాలుగు పేజీలు పాటల లయ గురించి చక్కగా రాసి, అయిదో పేజీలో వాళ్లమ్మ నాటు వేసి వచ్చి నడుం నొప్పికి నేల మీద పడుకోవటం గురించి రాసింది. ఎర్రపెన్ను చేతిలో ఉంది. 'ఇది అవసరమా?' అని రాయబోయి మొదటి అక్షరం రాసేశాను కూడా. ఆ 'ఇ' చూసుకుని నాకు చెమటలు పట్టినయ్. సారు ఎక్కడికీ పోలేదు, నాలోనే ఉన్నారు. తొమ్మిది పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాడే ఇవాళ మార్కులు వేస్తున్నాడు.

ఆ 'ఇ'ని ఏం చెయ్యాలో తెలియక, దాన్నే దిద్ది 'ఇంకా రాయి' అని పూర్తి చేశాను. ఆ అమ్మాయి పేపరు తీసుకుని చదువుకుని, 'ఎంత రాయమంటారు సార్?' అంది. 'మీయమ్మని అడుగు' అన్నాను.

ఈ పుస్తకం అచ్చయితే ఒక ప్రతి చీమకుర్తికి పంపాలి. వాడు ముందు తిడతాడు. తిట్టాక మళ్లీ చదువుతాడు. వాడు రమ్మంటే పొయ్యి ఈ రెండు పేజీలూ వాడి ముందు కూచుని గట్టిగా చదువుతాను. నత్తి పెట్టకుండా.